కాన్సర్ రోగికి ఆసరా చికిత్స - హోమియోపతి స్థానమెంత?

గత విద్యాసంవత్సరంలో ఒక సాయంకాలం మేము ప్రయోగశాల తలుపులు మూయబోతున్న సమయంలో బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు వచ్చి గుమ్మం దగ్గర నిలిచాడు. అతని చేతిలో చిన్న గాజు సీసా ఉన్నది. సీసాలో ఆవగింజ కంటె కొంచెం పెద్దవైన తెల్లని గుళికలు. "సార్, మా అమ్మీకి రొమ్ము కాన్సర్. కీమో మూడు విడతలు అయినవి. ఇంకా మూడు ఉన్నవి. వాంతులతో మనిషి నీరసించిపోయింది. ఆసుపత్రి మాన్పించి ఈ హోమియో మందు మీదనే ఉంచుదామని మా ఖాలా అంటున్నది. ఉంచవచ్చునా?" అని అడిగాడు.

మాలో ఒకరిది రసాయనశాస్త్రం, మరొకరిది జంతుశాస్త్రం. ఇద్దరమూ వైద్యులం కాము. అప్పటికప్పుడు మేము చెప్పగలిగినది ఒక్కటే: "తొందరపడి ఆసుపత్రి మానవద్దు, మాకు రెండు రోజుల గడువు ఇవ్వు" అని. ఆ రెండు రోజులలోనూ, ఆ తరువాత కొన్ని నెలలపాటూ మేము చదివినదీ, వైద్యులను అడిగి తెలుసుకొన్నదీ ఈ వ్యాసంలో క్రోడీకరిస్తున్నాము. ఇటువంటి ప్రశ్న ఏదో ఒకనాడు ఏ ఇంటి గడపనైనా తొక్కవచ్చును గనుక విద్యార్థులకూ, కళాశాల పాలకవర్గ సభ్యులకూ ఇది ఉపకరిస్తుందని మా ఆశ.

వ్యాధి - చికిత్స - ఆసరా

కాన్సరును తెలుగువారు పూర్వం రాచపుండు అన్నారు. ఉర్దూలో దానిని సర్తాన్ అంటారు. సర్తాన్ అంటే ఎండ్రకాయ. గ్రీకులు పెట్టిన కార్కినోస్ అనే పేరుకూ, సంస్కృతంలోని కర్కటకమనే మాటకూ అర్థం అదే. కణాలు శరీరపు అదుపు తప్పి విభజన చెందుతూ, పక్క భాగాలలోనికి చొచ్చుకొనిపోయి, రక్తం ద్వారా దూర ప్రదేశాలకు పాకడమే ఈ వ్యాధి స్వభావం. శస్త్రచికిత్స, కిరణ చికిత్స, మందులతో చికిత్స అనే మూడూ దీనికి ప్రధాన మార్గాలు. మన హైదరాబాదులో ఈ చికిత్సకై 1955లో వెలసిన ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద నేటికీ నడుస్తున్నది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో కాన్సర్ చికిత్సలు కూడా చేర్చబడినందున నిరుపేదకు సైతం ఈ వైద్యం కొంత అందుబాటులోనికి వచ్చింది.

కీమో మందులలో అనేకం త్వరత్వరగా విభజన చెందే కణాలను చంపుతాయి. జుట్టు కుదుళ్ళు, నోటి లోపొర, ప్రేగుల లోపొర, ఎముకల మజ్జ - వీటిలోని కణాలు కూడా త్వరగా విభజన చెందేవే. అందువలన జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకొంటాయి, తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. కొన్ని మందులు ప్రేగులలో సెరటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి, మెదడులోని వాంతి కేంద్రాన్ని రెచ్చగొడతాయి. ఈ బాధలను తగ్గించి, రోగి చికిత్సను చివరివరకు తట్టుకొనేటట్లు చేసే ఏర్పాటునే ఆసరా చికిత్స అంటున్నాము. ఇది కాన్సరును నయం చేసేది కాదు. నయం చేసే చికిత్సను పూర్తి చేయించేది. రోగులు హోమియోపతిని కోరుకొనేది ఎక్కువగా ఈ ఆసరా కోసమే.

హోమియోపతి పుట్టుక, మన దేశంలో దాని ప్రతిష్ఠ

ఈ పద్ధతికి మూలపురుషుడు జర్మన్ వైద్యుడు సామ్యూల్ హానిమన్ (1755-1843). ఆనాటి వైద్యంలో రోగి రక్తం తీయడం, పాదరసం వంటి విషాలను మోతాదు మీరి ఇవ్వడం సర్వసాధారణం. వాటితో విసిగిన హానిమన్ 1790లో సింకోనా బెరడును తాను స్వయంగా తిని చూచి, మలేరియా జ్వరం వంటి లక్షణాలు తనకు కనిపించాయని వ్రాశాడు. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణాలను పుట్టించే పదార్థమో, అదే పదార్థం ఆ లక్షణాలున్న రోగికి మందు అవుతుందని దానినుండి సూత్రం చేశాడు. 1810లో తన సిద్ధాంత గ్రంథం 'ఆర్గనాన్' ప్రకటించాడు. ఆనాటి కఠిన చికిత్సలతో పోల్చినప్పుడు అతని సున్నితమైన మందు రోగికి హాని చేయలేదన్నది వాస్తవం. ఆ పద్ధతికి లభించిన ఆదరణకు అదియొక ముఖ్య కారణం.

మన దేశంలో మహేంద్రలాల్ సర్కార్ గారు కలకత్తాలో దీనికి గౌరవం తెచ్చారు. ఆయనే 1876లో భారత విజ్ఞానశాస్త్ర పరిశోధనకై ఒక గొప్ప సంస్థను స్థాపించినవారు కూడా. తెలుగుదేశంలో గుడివాడ కళాశాల 1945 నాటిది. హైదరాబాదులోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల పేరులో పొట్టి శ్రీరాములు గారితో పాటు, సరోజినీనాయుడు గారి కుమారుడూ హోమియో వైద్యుడూ అయిన జయసూర్య గారి పేరు కూడా ఉన్నది. 1973లో ఈ వైద్యానికి కేంద్ర చట్టం వచ్చింది. 2020లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. కనుక మన దేశంలో ఇది ప్రభుత్వ గుర్తింపు గల పద్ధతి. ఖాలా మాటను మూఢత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. పిల్లల జలుబుకూ దగ్గుకూ తక్కువ ఖర్చుతో మందిచ్చి, ఆప్యాయంగా మాట్లాడిన వైద్యుని మీద ఆమెకు నమ్మకం ఉండడం సహజం. అయితే చట్టం ఇచ్చే గుర్తింపు వేరు, ఒక మందు ఒక రోగంలో పనిచేస్తున్నదనే నిరూపణ వేరు. రెండవదానిని పరీక్ష మాత్రమే తేల్చగలదు.

గుళికలో ఏమున్నది?

కీమో వలన కలిగే వాంతులకు హోమియో వైద్యులు ఇచ్చే మందులలో నక్స్ వామికా, ఇపెకాక్ ముఖ్యమైనవి. ఆందోళనతో నిద్రపట్టని నీరసానికి ఆర్సెనికం ఆల్బం ఇస్తారు. నక్స్ వామికా అంటే మన ముష్టి గింజ. ఆర్సెనికం అంటే పాషాణం. విషమనగానే భయపడనక్కరలేదు, ఎందుకనగా తయారీ పద్ధతి ఇది: మూల ద్రావణం ఒక పాలు తీసికొని 99 పాళ్ళ సారాయి ద్రవంలో కలిపి కుదుపుతారు. అది 1వ పొటెన్సీ. దానిలో ఒక పాలు తీసి మరల 99 పాళ్ళలో కలిపితే 2వది. ఈ విధంగా 30 మార్లు చేసినది 30వ పొటెన్సీ. ఆ ద్రవాన్ని చక్కెర గుళికల మీద చిలకరిస్తారు.

ఇక్కడ మన విద్యార్థులు ఇంటర్మీడియెట్‌లో నేర్చిన అవొగాడ్రో సంఖ్యను జ్ఞాపకం చేసుకోవాలి. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువులు సుమారు 6 పక్కన 23 సున్నాలు. 12వ పొటెన్సీ నాటికి పదార్థం 1 పక్కన 24 సున్నాలు గల సంఖ్యతో భాగించబడుతుంది. అనగా ఒక మోల్‌తో మొదలుపెట్టినా, అంతే పరిమాణం గల 12వ పొటెన్సీ ద్రావణంలో ఒక్క అణువైనా మిగలకపోవచ్చును. 30వ పొటెన్సీకి భాగహారం 1 పక్కన 60 సున్నాలు. ఆ గుళికలో ముష్టి గింజ అణువు ఉన్నదని రసాయనశాస్త్రం అంగీకరించదు. కుదుపు వలన ద్రవానికి మందు యొక్క జ్ఞాపకం అంటుకొంటుందని హోమియో పక్షం వారి వాదం. అటువంటి జ్ఞాపకం నిలిచి ఉంటుందనడానికి ఇంతవరకు నమ్మదగిన ఆధారం లేదు.

అయితే ఒక హెచ్చరిక. హోమియో దుకాణంలో దొరికే ప్రతి సీసా ఇటువంటిది కాదు. మదర్ టింక్చర్ అనే మూల ద్రావణాలలోనూ, తక్కువ పొటెన్సీలలోనూ మూలిక పదార్థం నిజంగానే ఉంటుంది. ఈ భేదం ముందు ముందు అవసరమవుతుంది.

పరీక్షలు ఏమి చెప్పినవి?

సిద్ధాంతం ఎట్లున్నా రోగికి మేలు జరిగితే చాలును కదా అని పాఠకులు అడగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. దానికి జవాబు చెప్పేవి, రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు మందువలె కనిపించే ఉత్త గుళిక లేదా వాడుకలో ఉన్న మరొక మందు ఇచ్చి ఫలితాలు పోల్చే పరీక్షలు.

కాన్సర్ చికిత్స వలన కలిగే బాధలకు హోమియో మందుల మీద జరిగిన ఇటువంటి పరీక్షలను కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ వారు 2009లో సమీక్షించారు. వారికి దొరికినవి 8 పరీక్షలు, మొత్తం 664 మంది రోగులు. వానిలో రెండు మాత్రమే కొంత ఆశ కలిగించినవి.

మొదటిది ఫ్రాన్సులో 254 మంది రొమ్ము కాన్సర్ రోగులపై జరిగి 2004లో వెలువడినది. కిరణ చికిత్స వలన చర్మం కమలకుండా కాలెండ్యులా లేపనం పూసినవారిలో 41 శాతం మందికి, ట్రోలమీన్ అనే మరొక లేపనం పూసినవారిలో 63 శాతం మందికి చెప్పుకోదగిన చర్మబాధ కలిగింది. వినడానికి ఇది హోమియోపతి విజయమే. కాని కాలెండ్యులా అనేది మన బంతికి దూరపు చుట్టమైన పూలమొక్క. ఆ లేపనంలో దాని పూల సారం నిండుగా ఉన్నది, పలుచన చేయబడలేదు. కనుక పనిచేసినది మూలికయే కాని పొటెన్సీ కాదు. తరువాత స్వీడన్‌లో 420 మందిపై కాలెండ్యులా క్రీమును సాధారణ క్రీముతో పోల్చి 2013లో ప్రకటించిన పరీక్షలో రెండింటికీ భేదం కనిపించలేదు.

రెండవది నోటిపూతకు ట్రామీల్ అనే మిశ్రమంతో పుక్కిలింత. 2001లో ప్రకటించిన ఆ పరీక్షలో ఉన్నవారు 32 మంది మాత్రమే, ఫలితం బాగున్నది. అదే మందును 190 మందికి పైగా రోగులపై పరీక్షించి 2012లో ప్రకటించినప్పుడు ఉత్త ద్రవంతో పోల్చితే గణనీయమైన మేలు తేలలేదు. చిన్న పరీక్షలో మెరిసి పెద్ద పరీక్షలో ఆరిపోవడం వైద్య పరిశోధనలో తరచు జరిగేదే. రొమ్ము కాన్సర్ చికిత్స తరువాత స్త్రీలకు వచ్చే ఒంటి ఆవిరులపై చేసిన రెండు పరీక్షలలోనూ గుళికల మేలు రుజువు కాలేదు.

2020లో ఆస్ట్రియా నుండి ఒక పెద్ద వార్త వచ్చింది. ఊపిరితిత్తుల కాన్సర్ రోగులకు మామూలు చికిత్సతో పాటు హోమియో మందు ఇస్తే సుఖమే గాక ఆయుర్దాయం కూడా పెరిగిందని ఆ వ్యాసం చెప్పింది. ఎందరో దానిని ఉదాహరించారు. తరువాత ఆ దేశపు పరిశోధనా నిష్ఠ సంస్థ విచారించి, కొన్ని ఫలితాలు లెక్కలు తారుమారు చేస్తే తప్ప వివరింపశక్యం కానివని అభిప్రాయపడింది. 2022లో ఆ పత్రిక వారే ఆ వ్యాసంపై తమ ఆందోళనను ప్రకటించారు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధనా మండలి సమస్త రోగాలపై వచ్చిన పరీక్షలను పరిశీలించి, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం గల రోగమేదియూ లేదని తేల్చింది.

మరి రోగులకు హాయి ఎందుకు కలుగుతున్నది?

ఇంత చదివిన తరువాత కూడా ఒక సంగతి మమ్ములను వదలలేదు. హోమియో వైద్యుని దగ్గరకు వెళ్ళి వచ్చిన రోగులలో పలువురు హాయిగా ఉన్నదని చెబుతారు. వారు అబద్ధమాడుతున్నారా? కానే కాదు.

దీనికి చక్కని సమాధానం 2011లో ఇంగ్లండులో ప్రకటితమైన పరీక్షలో ఉన్నది. అది కాన్సర్ గురించి కాదు, కీళ్ళవాతం గురించి. అయినను విషయం ఇక్కడికి అన్వయిస్తుంది. 83 మంది రోగులలో కొందరికి హోమియో వైద్యుడు తన పద్ధతిలో దీర్ఘంగా సంప్రదింపు జరిపాడు, కొందరికి జరపలేదు. ప్రతి జట్టులోనూ కొందరికి అసలు గుళిక, కొందరికి ఉత్త గుళిక. సంప్రదింపు పొందినవారికి మేలు కలిగింది. గుళిక అసలుదైనా ఉత్తదైనా భేదం లేదు. అనగా మందు సీసాలో లేదు, సంభాషణలో ఉన్నది.

మేము ఆ విద్యార్థిని అడిగితే అతడు చెప్పినది కూడా దీనికి సరిపోయింది. ఆసుపత్రిలో వరుసలో మూడు గంటలు నిలబడితే డాక్టరు గారు చూచేది మూడు నిమిషాలు. హోమియో వైద్యుడు అమ్మీని గంటసేపు కూర్చోబెట్టి నిద్ర ఎట్లున్నది, ఏ వేళ భయం వేస్తున్నది, ఏమి తినాలనిపిస్తున్నది, పిల్లల గురించి దిగులు ఉన్నదా అని అడిగాడు. రోగం బయటపడిన తరువాత ఆమెను ఆ మాటలు అడిగిన మొదటి మనిషి అతడే. "ఆ రోజు అమ్మీ ఇంటికి వచ్చి అన్నం తిన్నది సార్" అన్నాడు.

ఈ ఒక్క మాటలో ఆధునిక వైద్యం నేర్వదగిన పాఠం ఉన్నది. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రయాన్ని స్థాపించిన సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు కాన్సర్ నొప్పి ఒక్క దేహానిది కాదనీ, మనసూ, కుటుంబమూ, ఆత్మా కలిసి పడే సంపూర్ణ వేదన అనీ బోధించింది. ఆమె గంటల తరబడి రోగుల మాట విన్నది. కాని వినడంతో ఆగక, మార్ఫిన్‌ను వేళ తప్పకుండా సరియైన మోతాదులో ఇచ్చే విధానాన్ని కూడా నెలకొల్పింది. వినడమూ, పనిచేసే మందూ రెండూ ఉండాలి. ఒకటి ఉన్నచోట రెండవది లేకపోవడమే మన దుఃస్థితి.

హాని ఎక్కడ?

గుళిక వలన దేహానికి హాని లేనప్పుడు ఎందుకింత చర్చ అనవచ్చును. హాని గుళికలో లేదు, దాని పేరున మానివేసిన చికిత్సలో ఉన్నది. అమెరికాలో శరీరమంతా పాకని దశలో ఉన్న కాన్సర్ రోగుల లెక్కలను 2018లో ప్రకటించారు. ప్రామాణిక చికిత్స మాని ప్రత్యామ్నాయ పద్ధతులనే ఆశ్రయించిన 281 మందిలో మరణ ప్రమాదం చికిత్స పొందినవారి కంటె సుమారు రెండున్నర రెట్లు. రొమ్ము కాన్సర్‌లో అయిదు రెట్లకు పైగా. ఇవి హోమియోపతి ఒక్కదానివే కాక అన్ని ప్రత్యామ్నాయ పద్ధతులకూ కలిపిన లెక్కలు. అదే సంవత్సరం వెలువడిన మరొక పరిశీలన ఇంకా సూక్ష్మమైనది: చికిత్సతో పాటు తోడుగా ఇతర పద్ధతులు వాడినవారిలోనూ మరణ ప్రమాదం సుమారు రెండు రెట్లున్నది. తోడు మందు వారిని చంపలేదు. తోడు మందును నమ్మి శస్త్రచికిత్సనో, కీమోనో, కిరణ చికిత్సనో నిరాకరించడం వలననే ఆ తేడా వచ్చింది.

రెండవ హాని జాగు. కీమో తరువాత రెండవ వారంలో తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అది మామూలు జ్వరం కాదు. కొన్ని గంటలలో ప్రాణం మీదికి రావచ్చును. ఆ వేళ గుళికలు వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవడం ప్రమాదకరం. మూడవది మదర్ టింక్చర్లు. హైపెరికం మూలిక కొన్ని కాన్సర్ మందులను దేహం త్వరగా ఖర్చు చేసేటట్లు చేసి వాటి బలాన్ని తగ్గిస్తుంది. సారాయి గల చుక్కలు పూసిన నోటిని మండిస్తాయి. నాలుగవది ప్రకటనలు. కాన్సరును నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అటువంటి ప్రకటన కనిపించినప్పుడు, అది ఏ వైద్యపద్ధతిదైనా, దూరంగా ఉండాలి. హోమియో వైద్యులలో మంచివారు ఈ సంగతి తెలిసి, కణితి కనిపించగానే రోగిని ఆసుపత్రికి పంపుతారని కూడా చెప్పడం మా విధి.

పనిచేసే ఆసరా

వాంతులకు 1990 దశకం ఆరంభం నుండి ఒండాన్సెట్రాన్ వంటి మందులున్నవి. అవి సెరటోనిన్ మార్గాన్ని అడ్డుకొంటాయి. ఒకటి చాలకపోతే రెండు మూడు కలిపి, కీమో ఎక్కించక ముందే ఇస్తారు. నొప్పికి 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెట్ల పద్ధతిని నిర్దేశించింది. దాని పై మెట్టు మార్ఫిన్. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం వలన మన దేశంలో మార్ఫిన్ దొరకడం కష్టమైనది. 2014 సవరణతో ఆ చిక్కు కొంత సడలింది. నోటిపూతకు ఉప్పూ వంటసోడా కలిపిన నీటితో పుక్కిలింత, మెత్తని పళ్ళకుంచె సహాయపడతాయి. ఇవి ఖరీదైనవి కావు. అడిగితే దొరికేవి, అడగనందున దొరకనివి.

మేము చెప్పిన జవాబు

మూడవ రోజున ఆ విద్యార్థితో మేము ఈ మాటలు చెప్పాము. మొదటిది, మిగిలిన మూడు విడతలు మానవద్దు. రెండవది, వాంతుల సంగతి డాక్టరుకు చెప్పారా? ఈ ప్రశ్నకు అతడు తెల్లబోయాడు. వాంతులు అవుతుంటేనే మందు పనిచేస్తున్నట్లని ఎవరో చెప్పగా వారు నోరు మెదపలేదట. అది సత్యం కాదని చెప్పి, ఎన్నిమార్లు, ఏ రోజున, తిన్నది నిలుస్తున్నదా అనే వివరాలు కాగితం మీద వ్రాసుకొని పొమ్మన్నాము. మూడవది, గుళికల సీసాను దాచక డాక్టరుకు చూపమన్నాము. నాలుగవది, ఖాలాతో పోట్లాడవద్దన్నాము. హోమియో వైద్యుడు అడిగిన ప్రశ్నలను ఇంటిలోనివారే రోజూ ఒక అరగంట కూర్చుని అడగమన్నాము.

ఆ కాగితం చూచి డాక్టరు వాంతుల మందు మార్చారు. సీసా చూచి, పొటెన్సీ చదివి, "ఇది వేసుకొన్నా ఫరవాలేదు, నా మందు మాత్రం మానవద్దు" అన్నారట. ఖాలా అలుగలేదు, తరువాతి మూడు విడతలకూ చెల్లెలి పక్కన ఆసుపత్రిలో కూర్చున్నది ఆమెయే. చికిత్స పూర్తి అయినది. ఇప్పుడామె మూడు నెలల కొకసారి పరీక్షకు వెళ్ళి వస్తున్నది. ఇక ముందు ఏమగునో చెప్పడం మా చేతిలో లేదు. చేయవలసిన చికిత్స సగంలో ఆగలేదన్నంతవరకే మేము చెప్పగలము.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు వైద్యులవుతారు, కొందరు ఔషధాలయాలలో పనిచేస్తారు, అందరూ ఏదో ఒకనాడు రోగి మంచం పక్కన కూర్చుంటారు. గుళికలో లేని మందును గుళికలో వెదకకండి. ఆ గుళిక ఇచ్చిన వైద్యుడు కేటాయించిన గంటసేపటి విలువను మాత్రం మరువకండి. పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటి: కాన్సర్ ఆసుపత్రిలో ఆసరా చికిత్స చేసే వైద్యులలో ఒకరిని ఏడాదికొకమారు మన కళాశాలకు పిలిపించి, ఉర్దూలోనూ తెలుగులోనూ ప్రసంగం ఏర్పాటు చేయించండి. ఆ ప్రసంగానికి విద్యార్థులతో పాటు వారి తల్లులకూ ఆహ్వానం పంపండి.